వెటరన్‌తో తలపడిన కుర్ర బాక్సర్ ఆటను అంచనా వేయడం ఎలా?

"మావాడు సీనియర్ చేతిలో ఓడిపోయాడు, ఇక పైకి వస్తాడంటారా?" ఇది ఒక రకం ప్రశ్న. "అంత పేరున్నవాణ్ణి మా కుర్రాడు కొట్టేశాడు, ఇక తిరుగులేదు కదా?" ఇది రెండో రకం. పిల్లల్ని బాక్సింగ్‌లో చేర్పించిన తల్లిదండ్రులు, కొత్తగా కోచింగ్ మొదలుపెట్టినవాళ్లు, టీవీలో బౌట్లు చూసే అభిమానులు తిప్పితిప్పి ఈ రెండే అడుగుతున్నారు. రెండింటికీ జవాబు ఫలితంలో దొరకదు.

మేరీ కోమ్‌తో ఇద్దరు అమ్మాయిలు ఆడిన ట్రయల్స్ గుర్తు చేసుకోండి. 2019 డిసెంబర్ 28న ఢిల్లీలో, ఒలింపిక్ క్వాలిఫయర్ బెర్తు కోసం జరిగిన 51 కిలోల ట్రయల్‌లో మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 9-1 తీర్పుతో ఓడిపోయింది. 2022 జూన్‌లో కామన్వెల్త్ క్రీడల ట్రయల్స్‌లో 48 కిలోల విభాగంలో నీతూ గంఘాస్ గెలిచింది. కానీ అక్కడ మొదటి రౌండ్‌లోనే మేరీ మోకాలు మెలిక పడి బౌట్ ఆగిపోయింది. ఒకరు దాదాపు జడ్జిలందరి కార్డుల్లోనూ ఓడారు, ఇంకొకరు సరిగా ఆట మొదలవకుండానే గెలిచారు. తర్వాత నిఖత్ 2022లో ఇస్తాంబుల్‌లోనూ, 2023లో ఢిల్లీలోనూ ప్రపంచ ఛాంపియన్ అయింది. నీతూ 2022లో కామన్వెల్త్ స్వర్ణం, 2023లో ప్రపంచ టైటిల్ తెచ్చుకుంది. ఆ ట్రయల్స్ ఫలితం ఒక్కటే చేతిలో పెట్టుకుని ఈ ఇద్దరి గురించి ఎవరు ఏం చెప్పగలిగేవాళ్లు?

వెటరన్‌కు రింగ్‌లో ముఖ్యమైన పని ఎదుటివాడికి బాగా వచ్చిన ఆటను ఆడనివ్వకపోవడం. కాబట్టి మీరు చూడాల్సింది, అలవాటైన ఆట సాగనప్పుడు కుర్రాడు రెండో దారి వెతుక్కున్నాడా లేదా అని. కింద చెప్పే లెక్కలన్నీ ఆ ఒక్క ప్రశ్నకు సాయం చేసేవే.

కావలసినవి

- బౌట్ పూర్తి వీడియో, కట్ చేయనిది. హైలైట్స్ పనికిరావు. అందులో తగిలిన దెబ్బలే ఉంటాయి, తప్పినవి ఉండవు.
- ఒక నోట్‌బుక్, రెండు రంగుల పెన్నులు. కుర్రాడికి ఒక రంగు, వెటరన్‌కు ఒక రంగు.
- ఇద్దరి వయసు, బరువు, గత రెండు మూడేళ్లలో ఆడిన బౌట్ల వివరాలు.
- జడ్జిల స్కోరు కార్డు. ముందే చూడకండి, పక్కన పెట్టుకోండి.
- మీతోపాటు విడిగా కూర్చుని స్కోరు వేసే ఇంకొక మనిషి. కుర్రాడి బంధువు కాకపోతే మంచిది.

వీడియో మీరే తీస్తుంటే ఫోన్‌ను అడ్డంగా పట్టుకుని, కాస్త ఎత్తు నుంచి, రింగ్ పొడవునా కనిపించేలా తీయండి. కార్నర్ వెనక నుంచి తీస్తే స్తంభం, రిఫరీ వీపు తప్ప ఇంకేం కనపడవు. వీడియో తీసే వీలే లేకపోతే ఇద్దరు కూర్చోండి. ఒకరు కుర్రాణ్ణే చూడాలి, ఇంకొకరు వెటరన్‌నే చూడాలి. ప్రతి విరామంలో ఫోన్‌లో మాటలు రికార్డు చేసుకోండి. బౌట్ అయిపోయాక జ్ఞాపకం మీద రాసింది నమ్మడానికి లేదు, ఫలితం తెలిశాక జ్ఞాపకం దానికి తగ్గట్టు మారిపోతుంది.

1. ముందు వెటరన్ గురించి నాలుగు లైన్లు రాసుకోండి

చాలామంది దాటేసేది ఈ అడుగే. ఎదుట ఉన్నది పేరున్న బాక్సరా, ఇప్పటికీ ఆ పేరుకు తగ్గట్టు ఆడుతున్న బాక్సరా? ఈ రెండూ వేరు. నాలుగు విషయాలు రాయండి: చివరి బౌట్ ఎప్పుడు ఆడాడు, అందులో ఎలా ఆడాడు, ఇప్పుడు ఆడుతున్న బరువు తనకు అలవాటైనదేనా, ఈమధ్య గాయాలున్నాయా.

2024 నవంబర్‌లో టెక్సస్‌లో 27 ఏళ్ల జేక్ పాల్, 58 ఏళ్ల మైక్ టైసన్‌ను ఎనిమిది రౌండ్లలో పాయింట్ల మీద ఓడించాడు. అంతకుముందు టైసన్ చివరి ప్రొఫెషనల్ బౌట్ 2005లో. ఆ గెలుపు నుంచి జేక్ పాల్ గురించి తెలిసేది చాలా తక్కువ. దాన్ని 2017 ఏప్రిల్‌లో వెంబ్లీలో 27 ఏళ్ల ఆంథోనీ జాషువా, 41 ఏళ్ల వ్లాదిమిర్ క్లిచ్కోతో ఆడిన బౌట్ పక్కన పెట్టి పోల్చండి. క్లిచ్కో కూడా ఏడాదిన్నర దాకా రింగ్‌కు దూరంగా ఉన్నవాడే, దానికి ముందు బౌట్‌లో ఓడినవాడే. అయినా ఆ రాత్రి అతని జాబ్ (ముందు చేత్తో తిన్నగా వేసే పంచ్), కుడి చెయ్యి రెండూ పనిచేస్తున్నాయి. వయసు చూసి "ముసలాడు" అని కొట్టేయకండి. పేరు చూసి బెదరకండి. మొదటి రౌండ్‌లో అతని కాళ్లు చూడండి, పరిస్థితి అక్కడే తెలుస్తుంది.

అమెచ్యూర్‌లో (ఒలింపిక్స్ తరహా బాక్సింగ్‌లో) ఇంకొకటి గుర్తుంచుకోండి. ఎలైట్ విభాగం 19 నుంచి 40 ఏళ్ల వరకు. యూత్ నుంచి ఇప్పుడే వచ్చిన 19 ఏళ్ల కుర్రాడికి ఎదురుగా పదేళ్లుగా ఎలైట్‌లో ఆడుతున్న మనిషి రావచ్చు. అది కుర్రాడి తప్పు కాదు, మీ అంచనాలో దాన్ని కలుపుకోవాలి.

2. మొదటిసారి సౌండ్ తీసేసి చూడండి, రౌండ్ రౌండ్‌కూ స్కోరు వేయండి

కామెంటరీ, జనం అరుపులు రెండూ వద్దు. సొంత ఊళ్లో ఆడే కుర్రాడు చెయ్యి విసిరితే చాలు, తగిలినా తగలకపోయినా హాలు దద్దరిల్లుతుంది. ఆ హోరులో గ్లవ్ మీద పడిన దెబ్బ కూడా ముఖం మీద పడినట్టే అనిపిస్తుంది.

రౌండ్ గెలిచినవారికి 10, ఓడినవారికి 9. ఆధిపత్యం స్పష్టంగా ఉంటే ఓడినవారికి 8. అమెచ్యూర్ జడ్జిలు మొదట చూసేది లక్ష్యం మీద శుభ్రంగా తగిలిన దెబ్బల్ని. అంటే పిడికిలి ముందు భాగం ముఖం మీదో, తల పక్కనో, నడుము పైన శరీరం మీదో బలంగా పడాలి. ఆ తర్వాత టెక్నిక్‌లో, ఎత్తుగడలో ఎవరిది పైచెయ్యి అని, ఆ తర్వాత పోరాట పటిమ. ప్రొఫెషనల్‌లో శుభ్రమైన దెబ్బలతోపాటు ఫలించిన దూకుడు, రింగ్ మీద అదుపు, డిఫెన్స్ చూస్తారు. "ఫలించిన" అన్న మాట కింద గీత గీసుకోండి. ముందుకు నడవడం ఒక్కటే దూకుడు కాదు.

జాగ్రత్త: స్కోరు వేసేటప్పుడు స్లో మోషన్ పెట్టకండి. నెమ్మదిగా చూస్తే రాసుకుపోయిన పంచ్ కూడా పెద్ద దెబ్బలా కనిపిస్తుంది. ఇది మామూలు వేగంలోనే చూడాల్సిన పని.

3. రెండోసారి కాళ్లు మాత్రమే చూడండి

ఇక్కడ స్లో మోషన్ వాడుకోవచ్చు. కుర్రాడి నడుము పైభాగం కనపడకుండా స్క్రీన్ మీద కాగితం అడ్డం పెట్టి చూసినా తప్పులేదు, అంత స్పష్టంగా తెలుస్తుంది. మూడు విషయాలు రాసుకోండి.

ఒకటి, వెనక్కి వెళ్లేటప్పుడు తిన్నగా వెళ్తున్నాడా, పక్కకు తిరుగుతున్నాడా? తిన్నగా వెళ్లేవాడి వీపుకు రెండు మూడు అడుగుల్లో తాళ్లు తగులుతాయి. వెటరన్‌కు కావలసింది అదే.

రెండు, పంచ్ వేశాక కాళ్లు ఎక్కడున్నాయి? రెండు పాదాలూ ఒకే గీత మీదకు వచ్చేస్తే చిన్న దెబ్బకే తూలిపోతాడు.

మూడు, ఎదుటివారు సౌత్‌పా (కుడి చెయ్యి, కుడి కాలు ముందు పెట్టి ఆడే ఎడమచేతి వాటం బాక్సర్) అయితే ముందు పాదం ఎక్కడ పడుతోంది? మేరీ కోమ్ సౌత్‌పా, నిఖత్ కుడిచేతి వాటం. ఇలాంటి జోడీలో ఇద్దరి ముందు పాదాలూ ఎదురెదురుగా వస్తాయి. ఎవరి పాదం బయటి వైపు పడితే వారి వెనక చేతికి దారి తెరుచుకుంటుంది. అనుభవం ఉన్నవారు ఈ చిన్న జాగా కోసమే రౌండంతా తిరుగుతుంటారు. కుర్రవాళ్లు చేతులు చూస్తూ దీన్ని వదిలేస్తారు. ప్రతి రౌండ్‌లో ఎన్నిసార్లు బయటి వైపు దక్కిందో లెక్కపెట్టండి.

4. మూడోసారి లెక్క

ప్రతి రౌండ్‌కూ నాలుగు గళ్లు గీయండి: వేసినవి, తగిలినవి, వాటిలో జాబ్‌లు, వాటిలో శరీరానికి తగిలినవి. ఇద్దరికీ. కెమెరాకు అవతలి వైపు పడిన దెబ్బ కనపడకపోతే "కనపడలేదు" అని రాయండి, ఊహించి గడి నింపకండి.

ఈ లెక్క ఏం చెబుతుందో ఒక బౌట్‌తో చూద్దాం. 2013 సెప్టెంబర్ 14న లాస్ వేగాస్‌లో 23 ఏళ్ల కనెలో అల్వారెజ్, 36 ఏళ్ల ఫ్లాయిడ్ మేవెదర్‌తో ఆడాడు. పంచ్‌లు లెక్కపెట్టే సంస్థ కాంపుబాక్స్ లెక్క ప్రకారం కనెలో 526 పంచ్‌లు వేశాడు, 117 తగిలాయి. మేవెదర్ 505 వేశాడు, 232 తగిలాయి. వేసినవి దాదాపు సమానం, తగిలినవి సగం. అంటే కనెలోకు పని తక్కువ కాలేదు, ఓపిక తక్కువ కాలేదు. దూరం కుదరలేదు. జాబ్‌లు విడిగా చూస్తే ఇంకా తేలిపోతుంది: మేవెదర్‌వి 139 తగిలితే కనెలోవి 44. ఇక్కడ "ఇంకా ఎక్కువ పంచ్‌లు వేయాల్సింది" అన్న సలహా తప్పు. మీ కుర్రాడి షీటులో కూడా ముందు ఇదే తేల్చండి, తక్కువ వేశాడా, వేసినవి తప్పాయా? రెండింటికీ మందు వేరు.

కాంపుబాక్స్ అంకెలు కూడా మనుషులు చూసి బటన్ నొక్కితే వచ్చేవే. మీ లెక్కలో నాలుగైదు అటూ ఇటూ అయితే కంగారు పడకండి. పెద్ద తేడాలే చూడండి.

5. పంచ్ తప్పాక ఏం జరిగిందో చూడండి

నాకు అన్నిటికన్నా ఎక్కువ నమ్మకం ఉన్నది ఈ అడుగు మీద. తగిలిన దెబ్బలు అందరికీ కనిపిస్తాయి. వెటరన్ బతికేది మాత్రం ఎదుటివాడి తప్పిన దెబ్బల మీద.

ఉదాహరణకు, కుర్రాడు జాబ్ వేసి ఎడమ చెయ్యి వెనక్కి తీసుకునేటప్పుడు గ్లవ్ గడ్డం దగ్గరికి కాకుండా ఛాతీ దగ్గరికి దిగుతుంది. చూస్తే అర సెకను కూడా ఉండదు. వెటరన్ మొదటి రౌండంతా దాన్ని గమనిస్తాడు. ఒకటి రెండుసార్లు ఊరికే భుజం కదిపి (దీన్నే ఫెయింట్ అంటారు), అదే చెయ్యి మళ్లీ అలాగే దిగుతుందో లేదో సరిచూసుకుంటాడు. రెండో రౌండ్‌లో ఆ జాబ్ మీదుగా కుడి చెయ్యి వేస్తాడు. చూసేవాళ్లు "అబ్బ, ఎంత టైమింగో" అంటారు. ఆ దెబ్బకు బీజం మొదటి రౌండ్‌లోనే పడింది.

కాబట్టి ఇలా రాసుకోండి:

"రౌం. 1, 0:40 – జాబ్ తప్పింది, ఎడమ చెయ్యి కింద, ఎదుటివాడు ఏమీ చేయలేదు.
రౌం. 1, 1:25 – వెటరన్ ఫెయింట్, మనవాడు రెండు చేతులూ పైకెత్తాడు, పొట్ట ఖాళీ.
రౌం. 2, 0:15 – అదే ఫెయింట్, పొట్టలో హుక్ (మోచెయ్యి వంచి పక్క నుంచి వేసే పంచ్).
రౌం. 2, 1:50 – అదే ఫెయింట్, మనవాడు కదల్లేదు, ఎదురు జాబ్ వేశాడు."

ఈ నాలుగో లైను దొరికితే పెన్ను రంగు మార్చి గుండ్రంగా చుట్టండి. రౌండ్ ఓడినా సరే, ఆ కుర్రాడు రింగ్‌లోనే నేర్చుకుంటున్నాడు. మొదటి మూడు లైన్లే చివరిదాకా తిరిగి తిరిగి వస్తే అతను గెలిచినా మీరు దిగులు పడాలి.

6. రౌండ్ల మధ్య మార్పు

కార్నర్‌లో ఉన్న ఒక్క నిమిషంలో కోచ్ ఏం చెప్పాడో వినగలిగితే రాసుకోండి. తర్వాతి రౌండ్ మొదటి నిమిషంలో అది కనిపించిందా? కనిపించి, మళ్లీ మాయమైందా? ఒక నిమిషం ఉండి పోతే అది ఓపిక సమస్య కావచ్చు, అలవాటు సమస్య కావచ్చు. అసలు కనపడకపోతే టెన్షన్‌లో మాట చెవికెక్కలేదని అర్థం.

మార్పు రాకపోతే ఏమవుతుందో చూడాలంటే 2008 అక్టోబర్‌లో అట్లాంటిక్ సిటీలో జరిగిన బౌట్ చూడండి. 26 ఏళ్ల కెల్లీ పావ్లిక్ అప్పటికి ఓటమి ఎరగడు, అందరూ అతనే గెలుస్తాడన్నారు. 43 ఏళ్ల బెర్నార్డ్ హాప్కిన్స్ అతని కుడి చేతికి అందకుండా పక్కకు తిరుగుతూ ఉన్నాడు. పావ్లిక్ అదే జాబ్, అదే కుడి చెయ్యి, అదే తిన్నని దారి. పన్నెండు రౌండ్లూ అంతే. కార్డులు హాప్కిన్స్‌కు 119-106, 118-108, 117-109. పావ్లిక్‌కు బలం లేక కాదు, రెండో దారి లేక.

దీనికి పక్కనే 1994 నవంబర్ 5 బౌట్ ఉంచండి. 26 ఏళ్ల మైఖేల్ మూరర్, 45 ఏళ్ల జార్జ్ ఫోర్‌మన్. తొమ్మిది రౌండ్లు అయ్యేసరికి ముగ్గురు జడ్జిల కార్డుల్లోనూ మూరరే ముందున్నాడు. ఫోర్‌మన్ ముందు నిలబడవద్దని, పక్కకు కదలమని కార్నర్ నుంచి చెబుతూనే ఉన్నారు. గెలుస్తున్నాడు కాబట్టి కదలాల్సిన అవసరం అతనికి కనపడలేదు. పదో రౌండ్‌లో ఫోర్‌మన్ కుడి చెయ్యి పడింది, మూరర్ లేవలేదు. అందుకే గెలుస్తున్న రౌండ్లలో కూడా పొరపాట్లు రాయమంటాను. ఓడిపోయిన రౌండ్‌లో అందరూ తప్పులు వెతుకుతారు.

ఇక్కడ అమెచ్యూర్, ప్రొఫెషనల్ తేడా కూడా చూసుకోవాలి. ప్రొఫెషనల్ టైటిల్ బౌట్‌లో పన్నెండు రౌండ్లుంటాయి, మొదటి మూడు పోయినా సర్దుకోవచ్చు. ఎలైట్ అమెచ్యూర్‌లో మూడే రౌండ్లు, మొత్తం తొమ్మిది నిమిషాలు. మొదటి రౌండ్ పోతే మిగిలింది ఆరు నిమిషాలు. కాబట్టి అమెచ్యూర్ కుర్రాడి షీటులో మార్పు రెండో రౌండ్ సగానికైనా మొదలవ్వాలి. మూడో రౌండ్‌లో వచ్చిన మార్పు మంచి గుర్తే, కానీ దాంతో బౌట్ దక్కదు.

7. చిక్కుల్లో పడ్డ నిమిషం

ప్రతి బౌట్‌లోనూ కుర్రాడికి ఊపిరాడని ఒక నిమిషం వస్తుంది. దాన్ని విడిగా చూడండి. పట్టుకుని ఊపిరి తీసుకున్నాడా? కదిలాడా? కళ్లు మూసుకుని రెండు చేతులూ విసిరాడా?

జాషువా, క్లిచ్కో బౌట్‌లో అయిదో రౌండ్‌లో జాషువా క్లిచ్కోను పడగొట్టాడు, అక్కడే ముగించేద్దామని ఉన్న శక్తంతా ఖర్చు పెట్టేశాడు. ఆరో రౌండ్‌లో తనే కింద పడ్డాడు. తర్వాతి రౌండ్లలో ఆవేశం తగ్గించి, నెమ్మదిగా ఊపిరి కూడదీసుకుని, పదకొండో రౌండ్‌లో అప్పర్‌కట్‌తో (కింది నుంచి పైకి వేసే పంచ్‌తో) మళ్లీ ఆధిక్యంలోకి వచ్చి బౌట్ ముగించాడు. అయిదో రౌండ్ చూస్తే అనుభవం లేదనిపిస్తుంది. ఏడు నుంచి పది చూస్తే అనుభవం అక్కడికక్కడే సంపాదించుకున్నాడనిపిస్తుంది. మీ షీటులో రెండూ ఉండాలి.

ఇందులోనే ఒక ఉచ్చు ఉంది. వెటరన్ తాళ్లకు ఆనుకుని ఉన్నాడంటే చిక్కుల్లో ఉన్నాడని కాదు. 1974లో కిన్షాసాలో 25 ఏళ్ల ఫోర్‌మన్, 32 ఏళ్ల మహమ్మద్ అలీని తాళ్ల మీద పెట్టి రౌండ్ల తరబడి బాదాడు. అలీ చేతుల మీద కాచుకుంటూ ఎదురుచూశాడు, ఎనిమిదో రౌండ్‌లో నాకౌట్ చేశాడు. ఇరవై ఏళ్ల తర్వాత మూరర్‌ను పడగొట్టింది ఆ ఫోర్‌మనే. మీ కుర్రాడు ఎదుటివారిని తాళ్ల దగ్గర పెట్టినప్పుడు చేతుల మీద పడినవి ఎన్ని, శరీరానికి తగిలినవి ఎన్ని అని విడదీసి లెక్కపెట్టండి.

8. ఇప్పుడు జడ్జిల కార్డు తీయండి

మీ స్కోరుకు, వాళ్ల స్కోరుకు తేడా ఉన్న రౌండ్లు మాత్రమే మళ్లీ చూడండి. కనెలో, మేవెదర్ బౌట్‌లో ఇద్దరు జడ్జిలు 117-111, 116-112 అని మేవెదర్‌కు ఇస్తే, మూడో జడ్జి 114-114 సమానం అన్నారు. రింగ్ పక్కన కూర్చున్న నిపుణుల మధ్యే అంత తేడా వస్తే మీకూ జడ్జికీ రెండు రౌండ్ల తేడా రావడం వింతేమీ కాదు. అన్ని రౌండ్లలోనూ తేడా వస్తుంటే మాత్రం మీరు దూకుడును దెబ్బలుగా లెక్కేస్తున్నారేమో చూసుకోండి.

9-1, 5-0 లాంటి అంకెలు తేడా ఎంతో చెప్పవు. ఎంతమంది జడ్జిలు ఒకే వైపు మొగ్గారో చెబుతాయి, అంతే. ప్రతి రౌండ్ వెంట్రుకవాసిలో పోయినా 5-0 రావచ్చు. అందుకే రౌండ్ వారీ కార్డు అడిగి తీసుకోండి.

9. మూడు వాక్యాల్లో తేల్చండి

వందకు ఇన్ని మార్కులని వేయకండి, ఆ అంకెతో కుర్రాడు చేయగలిగిందేమీ లేదు. ఈ మూడు వాక్యాలు పూర్తి చేయండి:

"వెటరన్ మనవాడి దగ్గర్నుంచి లాక్కున్నది ____."
"దానికి మనవాడు వెతుక్కున్న జవాబు ____, అది ____ రౌండ్‌లో వచ్చింది." (రాకపోతే "రాలేదు" అని రాయండి.)
"వచ్చే నెల రోజులు జిమ్‌లో చేయాల్సిన ఒకే ఒక్క పని ____."

మూడో ఖాళీలో నాలుగు పనులు రాయాలనిపిస్తుంది. వద్దు. జాబ్ వేశాక చెయ్యి గడ్డం దగ్గరికి తేవడం ఒక్కటి రాసినా నెల సరిపోదు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

బౌట్‌ను కాకుండా చుట్టూ జరిగిన కథను అంచనా వేయడం. నిఖత్, మేరీ ట్రయల్ గురించి ఇప్పటికీ జనం మాట్లాడుకునేది చివర్లో చేతులు కలపకపోవడం గురించి. ఆ రోజు దూరం ఎవరి అదుపులో ఉంది, నిఖత్ ఏ పంచ్ వేయలేకపోయింది అని అడిగేవాళ్లు తక్కువ. ఆటగత్తెకు పనికొచ్చేది రెండోదే.

గొప్పవాళ్లతో పోల్చడం. "మేవెదర్ చేతిలో ఓడిన కనెలో తర్వాత 168 పౌండ్ల బరువు విభాగంలో అన్ని బెల్టులూ గెలిచాడు, మావాడూ అంతే" అంటారు. ఓడి పైకొచ్చినవాళ్ల పేర్లే మనకు తెలుసు. ఓడి ఆగిపోయినవాళ్ల పేర్లు తెలియవు. ధైర్యం చెప్పడానికి ఆ ఉదాహరణ బాగుంటుంది, అంచనాకు పనికిరాదు.

గాయంతో ఆగిన బౌట్‌ను లెక్కలో వేసుకోవడం. నీతూ ట్రయల్ లాంటి బౌట్ చేతికొస్తే షీటు మీద "అంచనాకు చాలదు" అని రాసి పక్కన పెట్టండి. గెలుపు గెలుపే, దాన్ని తీసేయమనడం లేదు.

అదే రాత్రి కుర్రాడి ముందు షీటు పెట్టడం. ఓడిన రాత్రి ఎవరి మాటా తలకెక్కదు. కనీసం రెండు రోజులు ఆగండి. వీడియో ముందు అతన్నే చూడనివ్వండి, అతనేం గమనించాడో చెప్పించండి. మీరు గుండ్రంగా చుట్టిన ఆ నాలుగో లైను అతనికే గుర్తుంటే సగం పని అయిపోయినట్టే.

హెచ్చరిక: తలకు గట్టి దెబ్బలు తగిలితే

అంచనా, వీడియో అన్నీ తర్వాత. తలనొప్పి, వాంతి, కళ్లు మసకబారడం, మాట తడబడటం, అడిగిందే అడగడం, మామూలుకన్నా ఎక్కువ మగత, ఇందులో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. "బాక్సర్ అన్నాక ఇవి మామూలే" అనేవాళ్ల మాట వినకండి. డాక్టర్ సరేననేదాకా స్పారింగ్ (సాధన కోసం ఆడే పోరు) లేదు, ఎంత ముఖ్యమైన ట్రయల్ ఉన్నా సరే.

జిమ్ స్పారింగ్ అయితే

మన దగ్గర చాలామంది పిల్లలకు వెటరన్ మొదట తగిలేది స్పారింగ్‌లోనే. దీన్ని గెలుపోటములతో అసలు చూడకండి. సీనియర్ సగం వేగంతోనే ఆడుతుండొచ్చు, ఏదో ఒక్క పని మీదే సాధన చేస్తుండొచ్చు. ముందే ఆయన్నే అడగండి: "అన్నా, ఇవాళ మీరు దేని మీద పనిచేస్తున్నారు?" అయ్యాక ఇంకొకటి అడగండి: "మావాడు ఏం చేస్తే మీకు ఇబ్బందయింది?" ఆ జవాబు మీ షీటు మొత్తం కన్నా విలువైనది కావచ్చు. బరువులో పెద్ద తేడా ఉంటే, కోచ్ పక్కన లేకపోతే, ఆ స్పారింగే వద్దు.

మీ అంచనా సరిగా ఉందో లేదో చూసుకోవడం

మొదటిది, మీతోపాటు స్కోరు వేసిన మనిషి షీటును మీ షీటు పక్కన పెట్టి చూడండి. రౌండ్ స్కోరులో తేడా రావచ్చు. "వెటరన్ లాక్కున్నది ఏంటి" అన్న వాక్యం మాత్రం ఇద్దరిదీ దగ్గరగా రావాలి. రాకపోతే అయిదో అడుగు మళ్లీ చేయండి.

రెండోది, వారం తర్వాత పాత షీటు చూడకుండా ఒకే ఒక్క రౌండ్‌ను మళ్లీ లెక్కపెట్టండి. తగిలిన దెబ్బల సంఖ్య బాగా మారిపోతే మీరు మొదటిసారి కుర్రాడి మీద ప్రేమతోనో కోపంతోనో లెక్కపెట్టారన్నమాట. తల్లిదండ్రులకు ఇది తప్పకుండా అవసరం.

మూడోది అసలు పరీక్ష. కుర్రాడి తర్వాతి బౌట్‌కు ముందు ఒక జోస్యం రాసి పెట్టుకోండి: "ఎదుటివాడు ఫెయింట్ చేస్తే మొదటి రౌండ్‌లో రెండు చేతులూ పైకెత్తుతాడు", లేదా "సౌత్‌పా వస్తే బయటి వైపు పాదం దక్కించుకుంటాడు." బౌట్ అయ్యాక సరిచూడండి. జోస్యం నిజమైతే మీ చూపు సరైనదే. తప్పితే రెండు షీట్లూ పక్కపక్కన పెట్టి, కుర్రాడు మారాడా, మీరు తప్పు చూశారా తేల్చుకోండి. కుర్రాడు మారాడని తేలితే, మూడో వాక్యంలో రాసిన పని కొట్టేసి అక్కడ కొత్తది రాయండి.